ఒక్క నమాజు తప్పనివా రెవరు?

మన ధర్మపురి, కృష్ణగిరి సీమలను పూర్వము బారామహల్ అనుచుండిరి. ఈ సీమ కొంతకాలము కడప నవాబుల యేలుబడిలో నుండి, పిమ్మట హైదరాలీ, టిప్పూ సుల్తానుల వశమై, 1792లో శ్రీరంగపట్టణపు సంధి వలన కుంఫిణీవారికి దక్కినది. కావున ఇచ్చట టిప్పూను గూర్చిన కథలు వినబడుట వింత గాదు. వానిలో నమాజునకు సంబంధించిన కథ యొకటి కలదు. దానికి తోబుట్టువు వంటి కథయే హైదరాబాదునందును కలదు. ఈ రెండింటిని పక్కపక్కన నిలిపి చూచుట మా యుద్దేశము.

మొదట హైదరాబాదు కథ. 1617లో గోలకొండ సుల్తాను మహమ్మదు కుతుబ్ షా మక్కా మసీదునకు శంకుస్థాపన చేయ సంకల్పించెను. పనులను మీర్ ఫైజుల్లా బేగ్, రంగయ్య అనువారు పర్యవేక్షించిరని చెప్పుదురు. (ఈ రంగయ్య మన తెలుగువాడే యని పేరును బట్టి తోచుచున్నది.) నగరములోని పండితులు, ఫకీరులు, ఉమరావులు అందరును సమావేశమైరి. అపుడు సుల్తాను, “మీలో బుద్ధి యెరిగిన నాటినుండి ఒక్క నమాజైనను తప్పనివారెవరో వారు వచ్చి తొలిరాయి వేయుదురు గాక” యనెను. ఎవ్వరును కదలలేదు. సభ యంతయు తలవంచుకొని యుండగా సుల్తానే ముందునకు వచ్చి, పండ్రెండవ యేటినుండి అర్ధరాత్రి దాటిన పిమ్మట చేయు తహజ్జుదు నమాజు సైతము తాను తప్పలేదని చెప్పి, స్వహస్తముతో రాయి నిలిపెనట.

ఈ మాట యెంత గొప్పదో తెలియవలెనన్న నమాజు సంగతి కొంత తెలియవలెను. దినమునకు అయిదు వేళలు: వేకువను ఫజర్, సూర్యుడు నడినెత్తి దాటగనే జుహర్, సాయంతన వేళ అసర్, ప్రొద్దు గ్రుంకగనే మగ్రిబ్, చీకటి పడిన పిమ్మట ఇషా. ఒక్కొక దానికి విధిగా చేయవలసిన రకాతులు వరుసగా రెండు, నాలుగు, నాలుగు, మూడు, నాలుగు, వెరసి పదునేడు. రకాతనగా నిలుచుట, వంగుట, రెండుమార్లు నొసలు నేలకు తాకించుట కలిసిన యొక యావృత్తి. దానికి ముందు వజూ చేయవలెను: చేతులు, నోరు, ముక్కు, మొగము, మోచేతుల వరకు బాహువులు, చీలమండల వరకు పాదములు కడుగుకొని, తడిచేతితో తల తుడుచుకొనవలెను. మన దేశమునుండి కాబా పడమట నుండుటచే ఇచ్చటివారు పడమర మొగముగా నిలుతురు. నోటి మాటకంటె ముందు మనస్సులో సంకల్పముండవలెను. దానిని నియ్యత్ అందురు. సంధ్యావందన మెరిగినవారికి ఈ క్రమము అపరిచితముగా తోపదు.

మినహాయింపులు లేకపోలేదు. నీరు దొరకనిచోట శుభ్రమైన మట్టితో శుద్ధి జరుపుకొనవచ్చును. ప్రయాణమున నాలుగు రకాతుల నమాజులు రెండగును. జబ్బుపడినవాడు కూర్చుండియో పండుకొనియో, అదియు చేతకానిచో తలసైగతోనో చేయవచ్చును. ఇన్ని సడలింపులుండియు, తెలివి యున్నంతవరకు మానుటకు మాత్రము సెలవు లేదు. తప్పినది పిమ్మట తీర్చుకొనవలసినదే, అది ఖజా.

జీవితమంతయు లెక్కలు వ్రాసిన మాకు కథ వినగనే గణించవలెనని బుద్ధి పుట్టినది. సుల్తాను 1593లో పుట్టినవాడు, కనుక 1617 నాటికి ఇరువదినాలుగేండ్లవాడు. పండ్రెండవ యేటినుండి పండ్రెండేండ్లు. చాంద్రమాన సంవత్సరమునకు 354 దినములు. అయిదేసి చొప్పున 21,240 నమాజులు. తహజ్జుదు మరి 4,248. జ్వరమని, వేటయని, కొలువని, నిద్రయని ఒక్కటియు జారవిడువకుండుట సామాన్యము గాదు. మాకు హాజరుపట్టీ నెలకు ముప్పది సంతకములే యడిగెడిది. అందును గీతలు పడుచుండెను!

ఇక శ్రీరంగపట్టణపు కథ. టిప్పూ సుల్తాను తన రాజధానిలో కోట తూర్పు ద్వారమునకు చేరువను జంట మినారులతో జామా మసీదును 1780ల దశకమున కట్టించెను. దానికి మస్జిదె ఆలా యని పేరు. తొలి నమాజునాడు ఇమాముగా ఎవరు నిలువవలెనను ప్రశ్న వచ్చెనట. నమాజు లెన్నడును బాకీ పడనివానిని సాహిబె తర్తీబ్ అందురు. అట్టివాడే నిలువవలెనని నిర్ణయించిరి. ఎవరును ముందునకు రాలేదు. టిప్పూ తానే వచ్చి నమాజు నడపెను.

రెండును ఒకే కథ యని పాఠకులు గ్రహించియే యుందురు. మూడవదియు కలదు, ఇది వాని కన్నిటికంటె ముందటిది. ఢిల్లీలో 1235లో కుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ యను సూఫీ మహనీయుడు గతించినపుడు, అసర్‌నకు ముందు చేయు ఐచ్ఛికమైన నమాజును సైతము ఎన్నడును విడువనివాడే తన జనాజా నమాజు నడపవలెనని ఆయన చెప్పియుంచెనట. జనము నిశ్శబ్దమాయెను. చాలసేపటికి సుల్తాను ఇల్తుత్మిష్ వరుసలోనుండి కదలివచ్చి, తన గుట్టు నేడు బయటపడినదే యని వగచెనట.

కథ యిట్లు ఢిల్లీనుండి గోలకొండకు, శ్రీరంగపట్టణమునకు నడచివచ్చినదని మా తలంపు. కుతుబ్ షాహీలు షియాలు, తక్కిన ఇరువురు సున్నీలు. అయినను కథకు ఆ భేదము పట్టలేదు. ఇది నిజముగా జరిగినదా యనుటకు చరిత్రకారుడు ఒప్పుకొనడు. మేమును ఒప్పుకొనము. కాని ఢిల్లీ కథలోని యా వగపు మమ్ము వదలుట లేదు. నమాజు ఇతరులు చూచుటకై చేసినచో అది రియా, అనగా డంబము. ఇస్లామున పెద్ద దోషము. దేవుని కొరకు రహస్యముగా కాపాడుకొన్న నియమమును పదిమంది యెదుట చెప్పుకొనవలసి వచ్చుటయే అచ్చట రాజునకు కష్టము. హైదరాబాదు కథలో సుల్తాను తానే ప్రశ్న వేసి తానే జవాబు చెప్పును. అచ్చట ఆ మెలిక సడలిపోయి, కథ రాజప్రశస్తిగా మారినది. కథ ప్రయాణించిన కొలది మెరుగెక్కెనని కొందరందురు గాని, మాకు మొదటిదే మిన్నగా తోచుచున్నది. అంతేకాదు, ఆ సభలలో తలవంచుకొని నిలిచినవా రందరును నమాజు తప్పినవారేనా? ఒక్కడైనను తప్పనివాడుండి, చెప్పుకొనుటకు మనసొప్పక వెనుక వరుసలోనే నిలిచియుండడా? అట్టివాని పేరు చరిత్రకు దొరకదు.

తొలిరాయి వేసిన మహమ్మదు కుతుబ్ షా 1626లో గతించెను. మసీదు పూర్తి గాలేదు. దాని యొక శిలను లాగుటకు 1,400 ఎద్దులు కావలసివచ్చెనని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాసినాడు. 1687లో గోలకొండ మొగలాయీల పరమైనది. 1694లో ఔరంగజేబు ఆ కట్టడమును ముగింపించెను. రాయి వేసిన వంశ మొకటి, ముగించిన వంశ మింకొకటి, నడుమ డెబ్బదియేడేండ్లు. శ్రీరంగపట్టణమున టిప్పూ 1799 మే 4న కోటలోనే మడిసెను. ఆ మసీదు మాత్రము నేటికిని నిలిచియున్నది. మన సంఘ సభ్యులు మైసూరు యాత్రకు పోవునపుడు శ్రీరంగనాథుని సేవించుకొని, కోట తూర్పు ద్వారము వంకకు కొలదిదూరము నడచినచో, గోడమీదుగా ఆ జంట మినారులు కానవచ్చును.