కార్మికవాడ ఆట, తెరమీది పేరు: ఏడుపాయల వైపునుంచి ఒక పరిశీలన

1983లో రెండు సినిమాలు వచ్చాయి. అమెరికాలో ‘ఫ్లాష్‌డాన్స్’ పిట్స్‌బర్గ్ ఉక్కు పట్టణంలో పగలు వెల్డింగ్ పని, రాత్రి బారులో డాన్సు చేసే అమ్మాయి కథ. హైదరాబాదులో బి. నర్సింగరావు తీసిన ‘రంగుల కల’ కార్మికుల బతుకుకు దగ్గరగా వెళ్లిన ఒక చిత్రకారుడి కథ. మొదటిదాంట్లో ఆట కథానాయికను ఆ పనినుంచి, ఆ బతుకునుంచి బయటికి తీసుకుపోతుంది. 1984-85 బొగ్గుగని సమ్మె నేపథ్యంగా 2000లో వచ్చిన ‘బిల్లీ ఇలియట్’లో కూడా కుర్రాడు బ్యాలే బడికే వెళ్లిపోతాడు. తెలుగులో నేను పరిశీలించిన సినిమాల్లో ఈ దారి కనిపించదు. ఇక్కడ ఆట శ్రామికుల గుంపులోనే పుట్టి, అక్కడే నిలుస్తుంది. పరిశీలించినవి కొన్నే కాబట్టి దీన్ని సూత్రంగా కాక, కనిపించిన ధోరణిగానే చెబుతున్నాను.

ఈ ధోరణికి మూలాలు వెతికితే మెదక్ నేల తగులుతుంది. నర్సింగరావుది గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్, గాయకుడు గద్దర్‌ది తూప్రాన్; రెండూ ఉమ్మడి మెదక్ జిల్లావే. నర్సింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ బృందమే 1972లో జననాట్యమండలి అయింది. ఆయన నిర్మించగా గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన ‘మా భూమి’ 1980లో విడుదలైంది. అందులో బండి యాదగిరి పాటను గద్దర్ తెరమీద ఆడి పాడాడు. గొంగడి, కర్ర: పశువులు కాసేవాడి, కూలివాడి ఒంటిమీది వస్తువులే అక్కడ వేషం. ఆ ఆట ఏ ఒక్క జాతరదీ కాదు. ఒగ్గుకథ, వీధి భాగవతం, బుర్రకథ అన్నీ అందులో కలిశాయి.

ఆ ఆటకు చుట్టమైనదాన్ని చూడాలంటే శివరాత్రికి ఏడుపాయలకు రావాలి. పాపన్నపేట మండలం నాగసానిపల్లి దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలిన చోట వనదుర్గా భవాని గుడి ఉంది. ఎండుగడ్డి మంటకు డప్పు కాస్తారు. చర్మం బిగిసేదాకా వేలితో తట్టి చూస్తారు. ఎడమచేతిలో సిటికెన పుల్ల, కుడిచేతిలో సిర్ర. దరువు మారగానే పసుపు పూసుకున్న పోతరాజు అడుగూ మారుతుంది. ఆటగాడికి ఆజ్ఞ ఇచ్చేది డప్పే. ఇదంతా పల్లె వ్యవహారమని కొట్టేయడం కుదరదు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురుగు మోసిన నక్కవాగు కలిసేదీ ఈ మంజీరలోనే. ఇక్కడి పల్లెకూ పరిశ్రమకూ నడుమ గీత గీయడం కష్టం.

ఈ ధోరణిలో ఈమధ్య వచ్చిన సినిమా ‘దసరా’ (2023). గోదావరిఖని ప్రాంతంనుంచి వచ్చిన శ్రీకాంత్ ఓదెల దర్శకుడు. సింగరేణి బొగ్గు నేపథ్యంలోని వీర్లపల్లిని సెట్ వేసి తీశారు. అందులో బొగ్గుమసి ఒళ్లతో గుంపు ఆడుతుంది. హీరో ఆ గుంపులోవాడే అయినా కెమెరా చివరికి అతన్నే పట్టుకుంటుంది. తెరమీద ఆడినవాళ్లలో గద్దర్ తన పేరుతోనే నిలిచాడు, కానీ అలా పేరు నిలవడం అరుదు.

పేరు విషయంలో అమెరికాకూ మనకూ పెద్ద తేడా లేదు. ‘ఫ్లాష్‌డాన్స్’లో ముఖం జెన్నిఫర్ బీల్స్‌ది. కష్టమైన నృత్యాలు చాలావరకు చేసింది మరీన్ జహాన్. సినిమా టైటిల్స్‌లో ఆమె పేరు వేయలేదు. గుంపుగా ఆడినవాళ్లకు పేరు దక్కడం ఇంకా కష్టం. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు. ఆ దరువు, ఆ అడుగు వాళ్లు తరతరాలుగా కాపాడుకున్న విద్య. జాతర దరువును తెరకెక్కించాలని మెదక్ వైపు వచ్చే దర్శకులకు ఒకటే మనవి: డప్పు కొట్టినవాళ్లవీ, గజ్జె కట్టినవాళ్లవీ పేర్లు అడిగి రాసుకోండి, టైటిల్స్‌లో వేయండి.