వెల్లింగ్టను నోట్లు

నోటు ముద్రించుట ప్రభుత్వమునకే చెల్లునని మన తలంపు. మన దేశమున 1861 చట్టముతో కలకత్తా, బొంబాయి, మదరాసు ప్రెసిడెన్సీ బ్యాంకులు ఆ హక్కును కోల్పోయినవి. కాని ఇంగ్లండున సోమర్సెట్ ప్రాంతపు చిన్న పట్టణమగు వెల్లింగ్టనులో, ఉన్నిబట్టల తయారీదారు థామస్ ఫాక్స్ 1787లో నెలకొల్పిన బ్యాంకు 1921 వరకు స్వంత నోట్లనే చలామణి చేసెను. సూరతు షరాబుల హుండీకి వలె, ఆ కాగితమునకు విలువ నిచ్చినది కుటుంబపు పేరే. పేరు చెడినచో కాగితమునకు దిక్కెవరు? 1825 సంక్షోభమున పెక్కు పల్లెటూరి బ్యాంకులు కూలగా, వాని నోట్లు చేతబట్టినవారు నష్టపోయిరి. అందువలన 1844 చట్టము క్రొత్త బ్యాంకులకు నోట్ల హక్కు నిరాకరించి, పాతవానికి పరిమితి విధించెను. పెద్ద సంస్థలో విలీనమైనచో ఆ హక్కును పోవును. గడుసు ఏర్పాటే! ఎవరిని మూయింపకయే నోట్లు ఒక్కొక్కటిగా మాయమైనవి. కడపటిది ఫాక్స్, ఫౌలర్ సంస్థ నోటు. 1921లో అది లాయిడ్స్ బ్యాంకులో కలిసెను.