టెర్రరిజం: మాట వెనుక కథ

నేడు ‘టెర్రరిజం’ అనగానే రహస్యముగా తిరుగు బాంబుధారి స్ఫురించుచున్నాడు గాని, ఈ శబ్దము తొలుత అంటినది ప్రభుత్వమునకే. భయపెట్టుట యను అర్థముగల లాటిను ధాతువునుండి పుట్టిన ఈ మాటను, 1793–94లలో గిలెటిను నీడన ఫ్రాన్సును శాసించిన రోబెస్పియరు పతనమైన పిమ్మట, ఆ పాలనను నిందించుటకై ప్రత్యర్థులు వాడుకలోనికి తెచ్చిరి. 1798లో ఫ్రెంచి అకాడమీ నిఘంటువు అనుబంధము దీనికి భీతిపాలన యనియే అర్థము చెప్పినది. తరువాతి శతాబ్దమున, రష్యాలో జారుపై బాంబులు విసరినవారికి ఈ పేరు సంక్రమించి, ప్రభువులు దానినుండి తప్పించుకొనిరి.

అయినను ఆ తొలి యర్థము ప్రభుత్వపు చేతలకు ఇంకను చెల్లును. 1919 ఏప్రిల్ 13న అమృతసరములోని జలియన్‌వాలాబాగునకు ఇరుకు సందు గుండా సైనికులను నడిపించి, హెచ్చరిక యైనను లేక, నిరాయుధులపై పది నిమిషములపాటు 1650 తూటాలు కాల్పించిన బ్రిటిషు సేనాధికారి డయ్యరు, గుంపును చెదరగొట్టుటయే గాక పంజాబంతటను తగిన ‘నైతిక ప్రభావము’ కలిగించుట తన యుద్దేశమని స్వయముగా నివేదికలో వ్రాసికొనెను. ఎదుటనున్నవారిని చంపి, ఎదుట లేనివారిని వణికించుటయే గదా ఈ శబ్దలక్షణము! సాయుధసైన్యముల పోరునకు ఈ పేరు పెట్టుట అతివ్యాప్తి యగును. డయ్యరు చేసినది మాత్రము, ఏ యూనిఫారము తొడిగికొని చేసినను, ఉగ్రవాదమే.