బస్తీ దవాఖానా నుండి పెద్దాసుపత్రి దాకా



"దవా" అరబ్బీ మాట, "ఖానా" పారసీకం. రెండూ కలిసిన "దవాఖానా" తెలంగాణ నోట అచ్చ తెలుగు మాటవలె స్థిరపడింది. "బస్తీ" కథ ఇంకా విచిత్రం. కోస్తావారికి బస్తీ అంటే పట్టణం. హైదరాబాదువారికి పట్టణంలోని పేదల వాడ. ఈ రెండు మాటలను జోడించి 2018 ఏప్రిల్‌లో నగరంలో "బస్తీ దవాఖానా"లు తెరిచారు. వైద్యుడు, మందులు, పరీక్షలు అన్నీ ఉచితం. జ్వరానికీ దగ్గుకూ ఇది చాలును. రోగం గుండెకో మూత్రపిండాలకో పాకితే ఆ చిన్న గది నుండి నిపుణుని వద్దకు దారి ఏది? మా మేడిపల్లి, ఉప్పల్ ప్రాంతాలలో ఇళ్ళు కట్టే తాపీ కూలీకి, ఆ ఇళ్ళలో పనిచేసే తల్లికి ఇది ప్రాణాల మీది ప్రశ్న. ఆ దారి చరిత్రను కొంత పరిశీలిద్దాం.

జీతపు పట్టీలో పేరున్నవానికి ఆ దారిని చట్టమే వేసింది. ఉద్యోగుల రాజ్య బీమా చట్టం 1948 నాటిది. ఆ బీమా క్రింద డిస్పెన్సరీ వైద్యుడు చీటీ వ్రాస్తే కార్మికుడు నాచారంలోని ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి వెళ్తాడు. అక్కడ కుదరని చికిత్సకు సనత్‌నగర్ పంపుతారు. అదే నాచారంలో దినకూలీగా బ్రతికేవాడు ఆ ఆసుపత్రి ప్రక్క వీధిలోనే ఉన్నా వానికి ఆ చీటీ దొరకదు. మన కథ ఈ రెండవవానిది.

స్వాతంత్ర్యానికి ముందే ఇతని గురించి ఆలోచించినవారున్నారు. 1943లో ఏర్పడిన భోర్ సంఘం 1946లో నివేదిక ఇస్తూ, డబ్బు లేదన్న కారణాన ఎవరికీ వైద్యం దూరం కారాదన్నది. ప్రాథమిక కేంద్రం, దానిపై మధ్యమ స్థాయి ఆసుపత్రి, ఆపైన జిల్లా ఆసుపత్రి, ఇట్లు మెట్లు ఉండాలన్నది. మెట్లయితే కట్టారు గాని, ఒక మెట్టు నుండి మరొక మెట్టుకు రోగిని చేయిపట్టి నడిపించే ఏర్పాటు బలపడలేదు. అందుచేతనే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల ఓపీ వరుసలో జలుబు రోగీ, గుండె రోగీ ఒకరి వెనుక ఒకరు నిలబడవలసి వచ్చింది. ఆ నిలబడిన దినం కూలి పోయినట్లే.

ఆ నడిపించే పనిని మన నగరంలోనే ఒక సంస్థ చేసి చూపింది. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో, చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఔదార్యంతో ఆయన పేరనే నేత్ర వైద్య సంస్థను నెలకొల్పారు. డబ్బు చెల్లించగలవారి రాబడితో చెల్లించలేనివారికి ఉచితంగా చికిత్స చేయడం దాని పద్ధతి. దాని కట్టడి గోపురంవంటిది. అడుగున సుమారు 50 వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం, పైన 5 లక్షలమందికి ఒక ద్వితీయ స్థాయి ఆసుపత్రి, ఆపైన పెద్దాసుపత్రి. దృష్టి కేంద్రంలో ఉండేది వైద్యుడు కాడు, శిక్షణ పొందిన స్థానిక యువకుడో యువతియో. ఎవరికి అద్దాలు చాలునో, ఎవరిని పైకి పంపాలో గుర్తించడమే ఆ వ్యక్తి పని. క్రింది మెట్టూ పై మెట్టూ ఒకే సంస్థవి గనుక రోగి నడుమ తప్పిపోడు.

తక్కిన రోగాలకు 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ వచ్చింది. మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభమై 2008లో రాష్ట్రమంతటా వ్యాపించింది. తెల్లకార్డు కుటుంబానికి నాడు ఏటా 2 లక్షల రూపాయల వరకు చికిత్స. తెలంగాణలో ఆ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలయింది. అందరూ ఈ అంకెలనే చెప్పుకుంటారు. నా దృష్టిలో అందులోని గొప్ప కల్పన "ఆరోగ్యమిత్ర". ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, కార్పొరేట్ ఆసుపత్రి ద్వారం వద్దనూ నిలిచి, కాగితాలు చూసి, దారి చెప్పే మనిషి. చదువురాని రోగికి ఆ మనిషే పథకం.

అయినా ఒక లోటు మిగిలింది. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన తరువాతి చికిత్సలకు చెల్లిస్తుంది. రోగమేదో తేలకముందు నిపుణుని ఫీజు, స్కానింగులు, రాకపోకల ఖర్చు తరచు రోగిపైనే పడుతుంది. శస్త్రచికిత్సకు లక్షలు సిద్ధంగా ఉన్నా, అది అవసరమని తేల్చే వేల రూపాయలు లేక ఆగిపోయే పేదలుంటారు. 2018లోనే మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ ఈ లోటును కొంత పూడ్చింది. బస్తీ దవాఖానాలో తీసిన నెత్తురు నమూనా పెద్ద ప్రయోగశాలకు వెళ్తుంది, ఫలితం తిరిగి వస్తుంది. రోగి తిరగనక్కరలేదు, అతని నెత్తుటి చుక్క తిరుగుతుంది!

ఇక కావలసింది రెండవ సగం. దవాఖానా వైద్యుడు వ్రాసిన చీటీకి పెద్దాసుపత్రిలో ఫలానా దినం, ఫలానా నిపుణుడు అని ముందే ఖాయం కావాలి. చికిత్స వివరం తిరిగి ఆ చిన్న గదికి చేరాలి. కార్మికునికి 1948 నాటి చట్టం ఇచ్చిన చీటీనే కూలీకీ ఇమ్మని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

మీ మీ ఊళ్ళలో ఈ చీటీ ఎంతదూరం నడుస్తున్నదో తెలిసినవారు వ్యాఖ్యలలో వ్రాయగలరని మనవి.

స్వస్తి.