రేడియో తరంగాల ఉమ్మడి వినియోగం: మోర్స్, డిజిటల్ అమెచ్యూర్ల చరిత్ర

పరిచయం

ఉమ్మడి వనరుల చరిత్ర అనగానే మీకు చెరువు నీళ్లు, పచ్చిక బయళ్లు, అడవులు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో కంటికి కనిపించని ఒక ఉమ్మడి వనరును పరిశీలిద్దాం. అది రేడియో పౌనఃపున్యాలలో అమెచ్యూర్లకు కేటాయించిన భాగం. అమెచ్యూర్లంటే అభిరుచి కొద్దీ లైసెన్సు తీసుకుని రేడియోలో మాట్లాడుకునేవారు. వాడుకలో వీరిని హామ్‌లు అంటాం. మోర్స్ సంకేతాలు పంపేవారు, కంప్యూటర్ సాయంతో డిజిటల్ సందేశాలు పంపేవారు ఇక్కడ పక్కపక్కనే పనిచేస్తారు. వీరి మధ్య సర్దుబాటు ఎలా ఏర్పడింది, ఎందుకు సడలింది అన్నది మన అంశం. ఉదాహరణలు ఎక్కువగా అమెరికావి. ఈ సర్దుబాటులో చట్టం పాత్ర ఎంత, ఆచారం పాత్ర ఎంత అన్నది చదువుతూ గమనించండి.

బ్యాండ్ల ఆవిర్భావం

1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మునిగింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికా రేడియో చట్టం చేసి, అమెచ్యూర్లను 200 మీటర్లు, అంతకు తక్కువ తరంగదైర్ఘ్యాలకు పరిమితం చేసింది. దూర ప్రసారాలకు అవి పనికిరావని ఆనాటి నిపుణుల అభిప్రాయం. కాని 1923 నవంబరులో ఫ్రాన్స్‌లోని లియాన్ డెలాయ్, అమెరికాలోని ఫ్రెడ్ ష్నెల్ సుమారు 110 మీటర్ల తరంగాలపై అట్లాంటిక్‌కు అటూ ఇటూ మోర్స్‌లో సంభాషించారు. బీడు అనుకున్న నేల సాగుభూమి అని తేలేసరికి ప్రభుత్వాలు, వాణిజ్య సంస్థలు కూడా అక్కడికి చేరాయి. 1925లో పారిస్‌లో అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ ఏర్పడింది. 1927 నాటి వాషింగ్టన్ సమావేశం అమెచ్యూర్లకు అంతర్జాతీయంగా కొన్ని బ్యాండ్లను ఖరారు చేసింది.

ఆ బ్యాండ్లు ఎంత ఇరుకైనవో చూడండి. 20 మీటర్ల బ్యాండు నేడు 14.000 నుంచి 14.350 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. అంటే 350 కిలోహెర్ట్జ్ మాత్రమే. మాటల ప్రసారానికి సుమారు 2.7 కిలోహెర్ట్జ్ చోటు కావాలి. మోర్స్‌కు 150 హెర్ట్జ్ సరిపోతుంది.

చట్టం ఏం చెప్పింది?

1950ల దశకంలో అమెరికా హామ్‌లు ఈ బ్యాండ్లపై టెలిప్రింటర్లు వాడసాగారు. అదీ తక్కువ చోటుతో సరిపెట్టుకునేదే కనుక, మాటల భాగంలో కాక మోర్స్ ఉన్న భాగంలోనే దానికి చోటిచ్చారు. నేటి ఇరుగుపొరుగు తగాదాకు మూలం అక్కడుంది. 1980లో కంప్యూటర్ అక్షర సంకేతాలకు అనుమతి వచ్చింది. వాటి వేగానికి 300 బాడ్ పరిమితి పెట్టారు.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. అమెరికా చట్టం 30 మెగాహెర్ట్జ్‌కు దిగువన ఎక్కడా మోర్స్‌కు మాత్రమే చెందిన చోటు కేటాయించలేదు. 50.0–50.1, 144.0–144.1 మెగాహెర్ట్జ్ అనే రెండు చిన్న ముక్కలే మోర్స్‌కు ప్రత్యేకం. ఆ రెండూ పై బ్యాండ్లలో ఉన్నాయి. సుదూర సంభాషణలు జరిగే బ్యాండ్లలో మోర్స్ నిలిచింది ఆచారం బలం మీదనే.

ఆచారం ఎలా పనిచేసింది?

ఈ ఆచారానికి లిఖిత రూపం బ్యాండ్ ప్లాన్. ప్రపంచాన్ని మూడు ప్రాంతాలుగా విభజించారు. యూరప్, ఆఫ్రికా మొదటి ప్రాంతంలోనూ, మన దేశం మూడో ప్రాంతంలోనూ ఉన్నాయి. ఉదాహరణకు మొదటి ప్రాంతపు ప్లాన్‌లో 14.000–14.070 మోర్స్‌కు, ఆపై భాగం డిజిటల్ పద్ధతులకు ఉంది. చాలా దేశాల్లో ఇది చట్టం కాదు, పెద్దమనుషుల ఒప్పందం.

అలిఖిత రూపం ఇంకా ముఖ్యమైనది. ప్రసారం చేసే ముందు వినాలి, ఆపై క్యూ.ఆర్.ఎల్. అనే మూడక్షరాల ప్రశ్న మోర్స్‌లో పంపాలి. ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని హామ్‌ల వాడుకలో దాని అర్థం. ఉన్నవారు జవాబిస్తే వచ్చినవారు పక్కకు తప్పుకుంటారు. లైసెన్సు పరీక్షలో మోర్స్ తప్పనిసరి అయినంతకాలం ఈ ప్రశ్న అందరికీ అర్థమయ్యేది.

కాలాన్ని పంచుకోవడం మరో మార్గం. 14.100 మెగాహెర్ట్జ్‌పై ప్రపంచవ్యాప్తంగా 18 బీకన్ కేంద్రాలకు చోటుంది. ఒక్కో కేంద్రానికి 10 సెకన్ల వంతు. మూడు నిమిషాలకు మళ్లీ మొదటి కేంద్రం వంతు వస్తుంది. మన పల్లెల్లో కాలువ నీటికి వంతులు వేసుకునే పద్ధతి లాంటిదే ఇది.

యంత్రాల రాక

1995లో అమెరికా స్వయంచాలిత డిజిటల్ కేంద్రాలకు నియమాలు చేసింది. నడిసముద్రంలో పడవలపై ఉన్న హామ్‌లు ఇలాంటి కేంద్రాల ద్వారా ఇమెయిల్ పంపగలిగారు. అయితే మనిషి లేని కేంద్రం పిలుపు రాగానే జవాబిస్తుంది. తన చుట్టూ మోర్స్ సంభాషణ సాగుతోందో లేదో చూసుకోవలసిన బాధ్యత పిలిచిన మనిషిదే. ఇక్కడే చిక్కు ఉంది. లఘు తరంగాలు ఆకాశంలోని అయనోవరణాన్ని తాకి దూరాన దిగుతాయి. పిలిచే మనిషికి వినిపించని సంభాషణ, జవాబిచ్చే కేంద్రం దగ్గర స్పష్టంగా సాగుతూ ఉండవచ్చు. పిలిచిన మనిషి జాగ్రత్తగా విన్నా నష్టం జరగవచ్చు.

1998 డిసెంబరులో బ్రిటన్‌కు చెందిన పీటర్ మార్టినెజ్ రూపొందించిన పి.ఎస్.కె.31 మోర్స్ కంటే తక్కువ చోటులో ఇమిడింది. 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే ఎఫ్.టి.8 ప్రవేశపెట్టారు. టేలర్ 1993 భౌతికశాస్త్ర నోబెల్ గ్రహీతలలో ఒకరు. ఇందులో ఒక్కో సంకేతానికి 50 హెర్ట్జ్ చాలు. పంపడం, వినడం 15 సెకన్ల వంతులుగా సాగుతాయి. చెవికి అందనంత బలహీన సంకేతాలను కూడా కంప్యూటర్ చదువుతుంది కనుక, చిన్న ఏంటెనా ఉన్నవారికి ఇది వరమైంది. కాబట్టి డిజిటల్‌వారు చోటు మింగేస్తున్నారన్న వాదన పూర్తిగా నిజం కాదు. వారు తమలో తాము చక్కగానే పంచుకుంటున్నారు. కాని వారి కంప్యూటర్ మోర్స్‌లో వచ్చే క్యూ.ఆర్.ఎల్. ప్రశ్నకు జవాబివ్వదు.

ఇంతలో ఉమ్మడి భాష కూడా పోయింది. 2003 ప్రపంచ రేడియో సమావేశం మోర్స్ పరీక్ష పెట్టాలా వద్దా అన్నది ఆయా దేశాలకే వదిలింది. 2007లో అమెరికా ఆ పరీక్షను రద్దు చేసింది. 2023 నవంబరులో 300 బాడ్ పరిమితిని తొలగించి, 2.8 కిలోహెర్ట్జ్ వెడల్పు పరిమితి పెట్టింది. మోర్స్‌వారి ఆందోళన అర్థం చేసుకోదగినదే: తమ సంభాషణలు పద్దెనిమిది పట్టేంత వెడల్పున్న ఒక్క డిజిటల్ సంకేతం ఇప్పుడు పక్కనే రావచ్చు.

సారాంశం

హామ్‌ల సర్దుబాటు ఒకరినొకరు వినగలగడం మీద నిలబడింది. చట్టం హద్దులు గీసింది. హద్దుల లోపల పొరుగువారిని కాపాడింది ఉమ్మడి భాష, మర్యాద. ఆ భాష తప్పనిసరి కానప్పుడు ఆచారానికి ఆధారం బలహీనపడింది. అందుకే నేడు రెండు పక్షాలూ చట్టం వైపు చూస్తున్నాయి. ఏ ఉమ్మడి వనరు చరిత్ర చదివినా, రాసి ఉన్న నియమాలతో ఆగకుండా, రాయని నియమాలను ఎవరు, ఏ భాషలో అమలు చేశారో కూడా మీరు వెతకాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. టెలిప్రింటర్లకు మోర్స్ ఉన్న భాగంలో చోటు ఎందుకిచ్చారు?
2. మీ ఊరిలోని ఒక ఉమ్మడి వనరును తీసుకుని, దాని వాడకంలో లిఖిత, అలిఖిత నియమాలను పోల్చి ఒక పేజీ రాయండి.