వేడి ప్రాంతాలకు తగిన బ్లూబెర్రీ రకాల ఎంపిక

బ్లూబెర్రీ ఉత్తర అమెరికాలో పుట్టిన పొద. రంగును చూసి దీనిని మన నేరేడుకు బంధువుగా భావించరాదు. రెండింటి కుటుంబాలు వేరు.

మొక్క కొనదలచినవారు మొదట అడగవలసినది ధర కాదు, రకం పేరు. పేరు చెప్పలేని అమ్మకందారు వద్ద కొనకపోవడమే మేలు. ఇందుకు కారణం చలి గంటలు. శీతాకాలంలో సుమారు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన గడిచే గంటలను ఇలా లెక్కిస్తారు. చలిదేశపు రకమైన బ్లూక్రాప్‌కు దాదాపు 800 గంటలు అవసరం. హోసూరు, కోలారు పీఠభూమిలో పుష్యమాసంలో సైతం అంత చలి ఉండదు. అటువంటి రకాన్ని నాటితే ఆకు వేస్తుంది గాని పూత సరిగా రాదు. పెట్టిన సొమ్ముతోపాటు ఏళ్లూ గడిచిపోతాయి.

ఈ చిక్కును విప్పడంలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పాత్ర పెద్దది. అక్కడ ఏడాది పొడవునా పచ్చగా ఉండే వాక్సీనియం డారోయీ అనే అడవి పొదతో సంకరపరచి ‘దక్షిణ హైబుష్’ తరగతిని రూపొందించారు. షార్ప్‌బ్లూ, మిస్టీ, ఎమరాల్డ్, జ్యువెల్ ఆ తరగతివే. బిలాక్సీని మాత్రం అమెరికా వ్యవసాయ శాఖ 1998లో విడుదల చేసింది. పెరూ ఎడారి తీరంలో చలి దాదాపు లేకున్నా అది ఆకు రాల్చకుండా కాస్తుంది. 2010 తరువాత ఆ దేశపు ఎగుమతులు తొలినాళ్లలో ఎక్కువగా ఈ రకంతోనే పెరిగాయి. మన ఎత్తైన సరిహద్దు తాలూకాలకు నా దృష్టిలో మొదటి ఎంపిక ఇదే. కాయ కొంత చిన్నది. మిస్టీ విపరీతంగా పూస్తుంది. కత్తిరింపు చేయకుంటే మొక్క నీరసిస్తుంది. షార్ప్‌బ్లూ కాయ మెత్తన, దూరపు సంతకు నిలవదు, ఇంటి పిల్లలకు చక్కగా సరిపోతుంది. రెండు రకాలను పక్కపక్కన నాటితే తేనెటీగల వలన పుప్పొడి మారి కాయ పెద్దదవుతుంది.

రకం కుదిరినా నేల కుదరాలి. ఉదజని సూచిక 4.5 నుండి 5.5 వరకు గల పుల్లనేల దీనికి కావాలి. కోరాపుట్ కొండల ఎర్రనేలల్లో ఆమ్లగుణం సహజం. బళ్లారి నల్లరేగడి ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఎంత గంధకం వేసినా అందులోని సున్నం మింగివేస్తుంది. అటువంటి చోట కొబ్బరిపొట్టు నింపిన పెద్ద తొట్టెయే శరణ్యం. అయితే బోరునీటి సున్నం తొట్టెనూ పాడుచేస్తుంది కనుక వాననీరు నిలవచేసుకోవాలి. లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదని గ్రహించి నీటిని పరీక్ష చేయించాలి. ఎరువుగా అమ్మోనియం సల్ఫేట్ కొద్దికొద్దిగా ఇవ్వవచ్చు. పొయ్యి బూడిద ఎంతమాత్రం వేయరాదు.

యానాం వంటి ఉక్కపోత తీరంలో దీనిని తోటగా వేయమని నేను చెప్పను. ఎత్తైన ప్రాంతాలవారు సైతం ఎకరాలకు దిగేముందు నాలుగు తొట్టెలలో రెండేళ్లు పెంచి, పూత చూసి నిర్ణయించుకోవచ్చు.