పిగిలిపిట్ట పేరు

అనకాపల్లిలో శారదానది యొడ్డునగల తోటలలోను, ఊరి పెరళ్ళలోను వేకువను వినబడు కూతలలో ఒకటి అందఱికిని పరిచితమైనది. జామకొమ్మ మీదనో, గోరింటకంచె మీదనో వ్రాలి, రెండు మూడు తీయని పలుకులు పలికి యెగిరిపోవును. ఒడలు గోధుమవన్నె, తల నల్లన, దానిపై పొట్టిజుట్టు, తోక చివర తెలుపు, తోకక్రింద సిందూరపు కుచ్చువంటి యెఱుపు. పిచ్చుకకంటె పెద్దది, గోరువంకకంటె చిన్నది. దీని పేరేమని ఒక బడిపిల్లవానిని మేమడుగగా "బుల్బుల్" అనెను. అరుగుమీద కూర్చుండి చింతపండు పిక్కలు తీయుచున్న వాని నాయనమ్మ తలయెత్తి, "బుల్బులేటిరా, పిగిలిపిట్ట కాదూ!" అని గద్దించెను. ఆ రెండు మాటల నడుమ చాల చరిత్ర యున్నది.

బుల్బుల్ అనునది పారసీకమునుండి వచ్చిన మాట. గులాబీని వలచి రాత్రులెల్ల విలపించునని పారసీకవులు వర్ణించిన పక్షి అది. ఆంగ్లేయులు దానినే నైటింగేల్ అందురు. అది ఇరానునందును, ఐరోపాయందును వసంతమున గూడుపెట్టి, శీతకాలమున ఆఫ్రికాకు పోవును. మన తోటలలో అది లేదు. మన పిట్టకు అది దగ్గఱి చుట్టము కూడ కాదు. రెండును వేఱువేఱు కుటుంబములవి. పారసీ కవిత్వముతో పెరిగినవారు ఈ దేశమున నిలిచిన పిదప ఆ పేరు ఇచటి జుట్టుపిట్టకు అంటుకొనెను. ఇక్బాలు 1904లో వ్రాసిన దేశగీతములో భారతీయులను ఈ తోటలోని బుల్బుళ్ళని పిలిచెను. దానితో ఆ మాట బడులన్నిటికి పోయెను.

ఇందొక వినోదము కలదు. 1879లో హైదరాబాదున జన్మించిన సరోజినీ నాయుడును ఆంగ్లమున నైటింగేల్ ఆఫ్ ఇండియా అనిరి. ఉర్దూవారు బుల్బులే హింద్ అనిరి. మనము భారత కోకిల అంటిమి. దేశములో లేని పక్షికి బదులుగా తెలుగువాడు కోకిలను పంపెనే గాని, పిగిలిపిట్టను పంపవలెనని యెవ్వరికిని తోచలేదు!

పిగిలి, పికిలి అని మన మాటకు రెండు రూపములు కలవు. పికిలి యనగానే సంస్కృతపు పికము జ్ఞప్తికి వచ్చి కొందఱు పొరబడుచుందురు. పికము కోకిల, పికిలి వేఱు. మదరాసు సైన్యములో వైద్యుడుగా వచ్చి, తొలుత గంజాము ప్రాంతమున పనిచేసిన జెర్డన్ 1862-64 నడుమ ప్రకటించిన భారతపక్షుల గ్రంథమున ఈ తెలుగుపేరును చేర్చెను. నిలువుజుట్టును, చెక్కిలిపై ఎఱ్ఱమచ్చయు గల మఱియొక జాతికి తురకపిగిలిపిట్ట యని తెలుగుపే రిచ్చెను. వేపను పోలిన వేఱొక చెట్టును తురకవేప యనుట వంటిదే యిది. ఎఱిగినదాని పేరు మూలముగా నుంచి, దానిని పోలినదానికి విశేషణము తగిలించుట మనవారి పద్ధతి. కావున పిగిలి యన్నది ఒక్క పిట్ట పేరే కాదు, ఒక వర్గమునకు పేరైయుండెనని మా యభిప్రాయము.

ఆ పేరు ఊరూర నిలుచుటకు పాటయొక్కటే కారణము కాదు, పందెమును కారణము కావచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున కర్ణాటకసీమలో ఈ పిట్టను పోరునకు పెంచెడివారు. దారము కట్టి వ్రేలిపై నిలిపి మచ్చిక చేసెడివారు. పోరులో అది యెదుటి పిట్ట తోకక్రింది ఎఱ్ఱని యీకలనే పట్టి పీకజూచును. చూచువారికి వేడుక గాని, పిట్టకు ప్రాణసంకటము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రిందికి ఈ పక్షియు వచ్చెను. అయినను అస్సాములోని హాజోలో, హయగ్రీవమాధవ మందిరమున, బిహూ పండుగకు ఈ పోరు చిరకాలముగా సాగెను. నడుమ కొన్నియేండ్లు ఆగి 2024 జనవరిలో మరల జరుగగా, దానికి వీలిచ్చిన ప్రభుత్వ నిబంధనలను ఆ డిసెంబరులోనే గౌహతి హైకోర్టు కొట్టివేసెను.

శాస్త్రజ్ఞులు పెట్టిన పేరైనను సరియైనదా యన్న, అదియు తప్పే. 1766లో లిన్నేయస్ ఈ పక్షిని గుడ్‌హోప్ అగ్రమున పుట్టినదని భ్రమించి, దక్షిణాఫ్రికా వాసియను నర్థమున "కేఫర్" అని నామకరణము చేసెను. అచట ఈ పిట్ట సహజముగా లేనే లేదు. అయినను మొదట పెట్టిన పేరు తప్పైనను మార్చరాదని వారి నియమము. నేటికిని ఇది పిక్నోనోటస్ కేఫరే.

పోని దేశమునకు పేరు పొందినది, పోయిన దేశమున మంచిపేరు పొందలేదు. బెల్లపుటంగడికి పేరుపొందిన అనకాపల్లివారికి చెఱకు మాట క్రొత్త కాదు. ఫిజీ దీవుల చెఱకుతోటలకు 1903లో మదరాసునుండి కూలీల ఓడలు పోసాగినవి. ఆ కూలీలలో విశాఖపట్టణము జిల్లావారును ఉండిరి. ఇంచుమించు ఆ కాలముననే భారతీయ కూలీలతో ఈ పిట్టయు ఆ దీవులకు చేరి, అచట విస్తరించి పండ్లతోటలకు బెడదయైనది. ప్రపంచమున మిక్కిలి హానికరములైన నూఱు పరదేశపు జీవజాతుల పట్టికలో దీనికి చోటు దొరికినది. ఆ పట్టికలోను దాని పేరు బుల్బులే.